ఒకే చెయ్యి, రెండు గుంతలు

మూడేళ్ళ కిందట శివరాత్రికి నడిచి శ్రీశైలం పోతూ నల్లమల నడిమధ్యన నాకు మోకాలు పట్టేసింది. ఆత్మకూరు పక్క వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని, పెచ్చెరువు మీదుగా పోయి, భీముని కొలను దిగి, కైలాస ద్వారం ఎక్కే దారి అది. మా ఊరివాళ్ళకు ఆ దారి కొత్తేమీ కాదు. మోకాలి నొప్పే నాకు కొత్త. తోటివాళ్ళు "మల్లన్న పిలిస్తే వచ్చే ఏడు వద్దువులే" అని నవ్వుకుంటూ సాగిపోయారు. నేను దారికి కాస్త లోపలున్న ఒక చెంచు గూడెంలో రెండు రోజులు ఉండిపోయాను. గూడెం పేరు రాయను. ఎందుకు రాయలేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

రెండో రోజు పొద్దున ఆ ఇంటి పెద్దమ్మ గడ్డలు తవ్వడానికి బయల్దేరింది. నడవగలిగినంత దూరం నేనూ కుంటుకుంటూ వెనకాలే పోయాను. ఎండిపోయిన ఒక తీగను వేళ్ళతో తడుముకుంటూ పోయి, అది నేలలో దిగినచోట కూర్చుని, ఇనుప మొన బిగించిన కర్రతో తవ్వడం మొదలుపెట్టింది. మూరన్నర లోతు పోయింది. ఆమె చెయ్యి భుజం దాకా గుంతలో మునిగింది. ముఖం పక్కకు తిప్పి, ఏదో వింటున్నట్టు కళ్ళు చికిలించుకుని, లోపల గడ్డను వేళ్ళతో చూస్తోంది. విరిచి తీసింది. తీగ మొదలు అంటుకుని ఉన్న పైముక్క, అరచెయ్యంత ఉంటుంది, దాన్ని మాత్రం తియ్యలేదు. గుంతలోనే పెట్టి, తీసిన మట్టినంతా కాలితో నెట్టి, పైన ఎండుటాకులు కప్పింది.

"ఆ ముక్క వదిలేశావేం పెద్దమ్మా?" అన్నాను.

నన్ను వింతగా చూసింది. "అది తల గదా నాయనా. తల పీకితే మళ్ళా యాడ తవ్వుకోవాల?"

ఇక్కడితో ఆపేస్తే చక్కని వ్యాసం అవుతుంది. ప్రకృతితో మమేకమైన అడవి బిడ్డలు, వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సిన పాఠాలు అంటూ ఒక ఫోటో పెట్టి పంచుకోవచ్చు. కానీ ఆ సాయంత్రం నేను రెండో గుంత చూశాను.

మధ్యాహ్నం నుంచి అదే పెద్దమ్మ, ఆమె కోడలు, ఇంకో ఇద్దరు రాళ్ళ గుట్ట మీద మారేడు గడ్డలు తవ్వుతున్నారు. ఎండాకాలంలో రాయలసీమలో నన్నారి షర్బత్ తాగని మనిషి ఉండడు. ఆ షర్బత్‌కు వాసన ఇచ్చేవి సుగంధిపాల వేర్లో, ఈ మారేడు గడ్డలో. ఇది శివుడికి పత్రి కోసే మారేడు చెట్టు కాదు, బండల సందుల్లో పెరిగే ఒక తీగ. దాని వేర్లు బొటనవేలి లావున గుత్తిగా ఉంటాయి, విరిస్తే వెనిల్లా ఐస్‌క్రీం వాసన వస్తుంది. ఈ తీగ దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా సొంతంగా పెరగదు. ఆ సాయంత్రం పెద్దమ్మ తీగను మొదలంటా పెకలించింది. బండను గడ్డపారతో పక్కకు దొర్లించి, చివరి వేరు దాకా లాగి గోతంలో వేసింది. గుంత పూడ్చలేదు. ఆకులు కప్పలేదు. తల వదల్లేదు.

అడగకుండా ఉండలేకపోయాను. "దీనికి తల లేదా పెద్దమ్మా?"

ఈసారి ఆమె నన్ను వింతగా చూడలేదు. "నేను వదిల్తే రేపు ఇంగొకడు పీకుతాడు. ఎల్లుండి బండొస్తాది. కేజీల లెక్క."

ఒకటే చెయ్యి, ఒకటే రోజు. గడ్డకు తల ఉంటుందని, వదిలితే మళ్ళీ మొలుస్తుందని రెండుచోట్లా ఆమెకు తెలుసు. పొద్దున ఉన్న తెలివి సాయంత్రానికి ఎక్కడికీ పోలేదు. మరి ఏం మారింది? పొద్దున తవ్వినచోట ఆమె గూడెంవాళ్ళు తప్ప ఇంకెవరూ గడ్డ తవ్వరు. అక్కడ వదిలిన తల వచ్చే ఏడు ఆమెకో, ఆమె కోడలికో అక్కరకొస్తుంది. రాళ్ళ గుట్ట మీద మారేడు మాత్రం ఎవరిదీ కాదు. కాగితం మీద సర్కారుది, నిజానికి ముందు పీకినవాడిది.

గిరిజనుల సంప్రదాయ విజ్ఞానం గురించి ఇన్నేళ్ళుగా నేను చదివినదంతా ఆ రెండు గుంతల మధ్యన కూలిపోయింది. నేనిప్పుడు చెప్పబోయే వాదన ఒక్కటే. ఆ విజ్ఞానం తలకాయలో దాచుకున్న సమాచారం లాంటిది అని మనం అనుకుంటున్నాం. అందుకే దాన్ని రాసుకుంటాం, రికార్డు చేస్తాం, మెచ్చుకుంటాం. మనిషిని మాత్రం అడవిలోంచి బయటికి నడవమంటాం. కానీ ఆ తెలివి పనిచేసేది చెట్టు మీద, నేల మీద ఆ మనిషికి చెల్లుబాటయ్యే హక్కు ఉన్నన్నాళ్ళే. హక్కు తీసేసిన రోజు తెలివి తలలో అలాగే ఉంటుంది, చేతికి మాత్రం రాదు.

ఈ మాట అనడానికి నాకున్న అర్హత ఏమిటని అడగొచ్చు. అర్హత కాదు గానీ, బాకీ ఉంది. మాది అడవి అంచున ఒక ఊళ్ళో కిరాణా కొట్టు. సంతరోజు చెంచులు తేనె, చింతపండు, కుంకుడుకాయలు, చీపుళ్ళు తెచ్చి మా నాన్న ముందు దించేవాళ్ళు. బియ్యం, ఉప్పు, పొగాకు పట్టుకుపోయేవాళ్ళు. నాన్న మంచివాడే. కానీ తనకంటే పదిహేనేళ్ళు పెద్దయిన మనిషిని "ఏరా, ఈసారి తేనెలో నీళ్ళు కలిపినావా?" అని అడిగేవాడు. ఆ పెద్దమనిషి నన్ను, పదేళ్ళవాడిని, "చిన్న శెట్టీ" అని పిలిచేవాడు. తేనె తూచే రాయి బరువులో తేడా ఉండేదా అని నేను పెద్దయ్యాక ఒకసారి అడిగాను. నాన్న టీవీ సౌండు పెంచాడు.

ఆ తేనె ఎలా వస్తుందో మాత్రం చిన్నప్పుడే చెప్పేవాళ్ళు. కొండచరియకు వేలాడే పెద్ద తేనెపట్లు కొయ్యాలంటే పైనుంచి తాడు కట్టుకుని లోయలోకి దిగాలి. కింద చూస్తే కళ్ళు తిరిగే లోతు. పైన తాడును కాచుకుని కూర్చునేది సొంత అన్నదమ్ముడు కాదు, బావమరిది. "అక్క పసుపుకుంకాలు తనే తెంచుకుంటాడా?" అని వాళ్ళ లెక్క. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదాలో ఇంకేవో ఉండొచ్చు, బావమరిదికి మాత్రం ఆ తాడు తెగితే నష్టం తన ఇంట్లోనే. చిన్నప్పుడు ఇది కథలాగా విన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు అనిపించేది వేరు. తేనె ఎప్పుడు కొయ్యాలి, పొగ ఎటునుంచి పెట్టాలి అనేది సగం విద్య. తాడు ఎవరి చేతిలో ఉండాలి అనేది మిగతా సగం. మొదటి సగాన్ని వీడియో తీసుకోవచ్చు. రెండో సగాన్ని వీడియో తియ్యలేం, అది చుట్టరికం.

1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త కృష్ణకు అవతలి గట్టున, నైజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. 1943లో వాళ్ళ మీద పుస్తకం వేశాడు. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది వేట, విల్లంబుల సంగతి కాదు. ఒక్కో గుంపుకు అడవిలో తనదంటూ ఒక మేర ఉండేదట. ఆ మేర ఏ వాగు దగ్గర మొదలై ఏ గుట్ట దగ్గర ఆగుతుందో అందరికీ తెలుసు. అవతలి గట్టున వాళ్ళ ఊళ్ళను పెంటలంటారు: అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, పుల్లాయిపల్లి. మాకు అడవి ఒకటే పచ్చని ముద్ద. వాళ్ళకు అది గట్లున్న పొలం లాంటిది. గట్టు కనపడదు, అంతే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మొదలుకొని మనం ఆ కనపడని గట్లన్నిటినీ చెరిపి, బయట మాత్రం ఒక పెద్ద గట్టు కట్టాం. లోపల ఉన్నదంతా రిజర్వు. తర్వాత అభయారణ్యం. 1983 నుంచి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. మొత్తం 3,568 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం విడిపోయేదాకా దేశంలో అంత పెద్ద టైగర్ రిజర్వు ఇంకొకటి లేదు.

అందరి గట్లూ చెరిపాక అడవి ఏమవుతుందో మారేడు గుట్ట మీద చూశాను. రైతులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కౌలు చేసేవాడు పశువుల ఎరువు తోలడు. వచ్చే ఏడు ఆ చేను తనకే ఇస్తారని నమ్మకం లేనివాడు చెరువు మట్టి తోలించడు. అతనికి వ్యవసాయం తెలియక కాదు.

తపసి బంక సంగతి చూడండి. తెల్లగా, నున్నగా దయ్యంలా నిలబడే తపసి చెట్టుకు గాటు పెడితే కారే జిగురు అది. ఆహార పదార్థాల్లో చిక్కదనానికి వాడతారు, దానికి ఇ416 అని ఒక నంబరు కూడా ఉంది. కట్టుడు పళ్ళు చిగుళ్ళకు అతుక్కోవడానికి వాడే పొడుల్లో కూడా పడుతుంది. అంటే నల్లమల ఎండలో ఒక చెంచు ఆయన గీరి తెచ్చిన జిగురు ఏ దేశంలోనో ఒక ముసలాయన నవ్వును ఊడిపోకుండా పట్టి ఉంచుతోంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఆదివాసుల నుంచి కొనే సరుకుల్లో ఇది పేరున్నది. గిరాకీ పెరిగాక చాలాచోట్ల గొడ్డలితో లోతుగా నరికి బంక తీశారు. చెట్లు చచ్చిపోయాయి. నరికింది బయటివాళ్ళే కాదు, ఆదివాసులు కూడా. తర్వాత బెరడు మీద చిన్న గాటు పెట్టి, చెట్టు మానేదాకా ఆగి, శుభ్రంగా తియ్యడం శిక్షణలు పెట్టి నేర్పారు. బయటివాళ్ళు నేర్పిన కొత్త తెలివి అది, దాన్ని వాళ్ళు తీసుకున్నారు. కాబట్టి "అడవి బిడ్డలకు అన్నీ పుట్టుకతోనే తెలుసు" అనేవాళ్ళ వెంట నేను పోను. చెంచులు తేనెపట్టును పిల్లపురుగులతో సహా నమిలి తినడం నేను చూశాను. ఆకలేసినవాడు అవన్నీ చూసుకోడు. వాళ్ళను మునులను చేసి కూర్చోబెట్టడంలో నాకు ఒక ప్రమాదం కనపడుతుంది. ముని తప్పు చేస్తే శాపం పెట్టినంత పని చేస్తాం. "చూశారా, వాళ్ళే చెట్లు నరుకుతున్నారు, ఇంక హక్కులెందుకు?" అని. మామూలు రైతు ఒక ఏడు యూరియా ఎక్కువ చల్లితే అతని పట్టా రద్దు చెయ్యం కదా.

ఇక మెచ్చుకోలు సంగతి. కేరళలో అగస్త్య కొండల కాణి తెగవాళ్ళ కథ ఇలాంటి చర్చల్లో తరచూ వస్తుంది. 1987లో కొందరు శాస్త్రవేత్తలు కొండలెక్కుతూ అలసిపోతే, దారి చూపిస్తున్న కాణి యువకులు మాత్రం ఏవో కాయలు నములుతూ హాయిగా నడుస్తున్నారు. అడిగి అడిగి తెలుసుకుంటే అది ఆరోగ్యపచ్చ. దాని నుంచి తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షశాస్త్ర ఉద్యానం 'జీవని' అనే మందు తయారు చేసింది. 1995లో కోయంబత్తూరు ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చి 10 లక్షల రూపాయలు, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీ తీసుకుంది. అందులో సగం కాణీలకు. 1997లో వాళ్ళ పేరున ఒక ట్రస్టు కూడా ఏర్పడింది. విజ్ఞానానికి వాటా ఇచ్చిన తొలి ఉదాహరణగా ప్రపంచమంతా చెప్పుకుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తక్కువమంది చెప్పేది ఏమిటంటే, ఆరోగ్యపచ్చను కాణీలు అడవిలో పెంచి అమ్ముకుంటామంటే అటవీ శాఖ ఒప్పుకోలేదు. ఆ మొక్క చెట్ల నీడన తప్ప సరిగా ఎదగదు. అంటే నీకు తెలిసినదానికి రాయల్టీ ఇస్తాం, ఆ మొక్కను మాత్రం ముట్టుకోకు. మా ఊళ్ళో ఒక సామెత ఉంది గానీ ఇక్కడ రాస్తే బాగుండదు.

చట్టంలో లేదా అంటే, ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ తీసి చదవండి. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఉంది. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. చెంచుల లాంటి ఆదిమ తెగలకు మొత్తం తమ ఆవాసం మీదే హక్కు ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానం మీద సామూహిక హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది. నేల, చెట్టు, తెలివి మూడింటినీ ఒకే చోట పెట్టారు. ఎవరో తెలిసినవాళ్ళే రాసుంటారు. మధ్యప్రదేశ్ దిండోరి జిల్లాలో బైగాలకు ఆవాస హక్కు ఇచ్చారు కూడా, దేశంలో అదే మొదలు. కానీ నేను నడిచిన దారి పక్క గూడెంలో ఎవరి నోటా ఈ సెక్షన్ మాట వినలేదు. వాళ్ళ నోట విన్నది "బీటాఫీసరు", "కేసు", "ప్యాకేజీ".

ప్యాకేజీ అంటే పులుల రిజర్వు నుంచి బయటికి వస్తే కుటుంబానికి ఇచ్చే డబ్బు. 2021లో దాన్ని 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. దీని గురించి అటవీ శాఖలో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒకాయనతో ఒక పూట వాదించాను. మా నాన్నకు స్నేహితుడు. ఆయన వాదన నేను తోసిపారేసేది కాదు. "చిన్నబ్బాయ్, పులికి మనుషుల అలికిడి లేని చోటు కావాలి. పిల్లలతో ఉన్న ఆడపులికి మరీను. నువ్వు రెండు రోజులుండి వచ్చావు. పాము కరిస్తే నలుగురు మోసుకుంటూ పది మైళ్ళు నడవడం నేను చూశాను. వాళ్ళ పిల్లలకు బడి వద్దా? సెల్‌ఫోన్ సిగ్నలు వద్దా?" అన్నాడు.

వద్దని నేనెలా అంటాను? గూడెంలో పదహారేళ్ళ పిల్లగాడు నా ఫోనును వదిలిపెట్టలేదు. రోడ్డు పక్కకు పోతామనేవాళ్ళు ఉన్నారు, పొయ్యి దగ్గరే చస్తామనేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళాలి, దానికి నేను అడ్డం చెప్పేదేముంది? నాకు అర్థంకానిది వేరే. బడి కావాలంటే చెట్టు వదులుకో అనే బేరం ఎక్కడినుంచి వచ్చింది? మా ఊళ్ళో ఆస్పత్రి కట్టినప్పుడు మా చేలు రాసిమ్మని ఎవరూ అడగలేదు.

ఇంకొకటి కూడా ఆయన్ను అడిగాను. "సార్, మీ బేస్ క్యాంపుల్లో పులి అడుగుజాడ చూసేది ఎవరు?" కాసేపు ఊరుకున్నాడు. "చెంచు పిల్లలే. వాళ్ళు లేకపోతే మా సిబ్బందికి అడవిలో దారే తెలియదు" అన్నాడు. నిజాయితీపరుడు. ప్రొటెక్షన్ వాచర్లుగా చెంచులను పెట్టుకోవడం అటు అమ్రాబాద్‌లోనూ ఇటు మన వైపునా ఎప్పటినుంచో ఉన్నదే. అడుగును బట్టి పులి ఎటు పోయింది, ఎంతసేపయింది చెప్పగలిగే కళ్ళు అవి. ఆ కళ్ళు అడవి బయట కట్టిన కాలనీలో పుట్టిపెరిగినవాడికి ఎలా వస్తాయి? ఇంకో తరం తర్వాత వాచర్ల ఉద్యోగాలకు నోటిఫికేషన్ ఇచ్చి, అడుగుజాడల మీద రాతపరీక్ష పెడతారేమో.

పులుల కోసం ఖాళీ చెయ్యమన్న అడవిలోనే 2019లో యురేనియం వెతకడానికి 83 చదరపు కిలోమీటర్ల మేర కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. జనం "సేవ్ నల్లమల" అని గోల చేశారు, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. గడ్డలు తవ్వే కర్రకు కలవరపడే పులి డ్రిల్లింగ్ రిగ్గుకు కలవరపడదని ఎవరు తేల్చారో నాకు తెలుసుకోవాలని ఉంది.

కర్ణాటకలో బిళిగిరి కొండల సోలిగల మాట చెప్పాలి ఇక్కడ. వాళ్ళు ఎండాకాలం ముదరకముందే, ఆకులు రాలిన కొత్తలో, చిన్న చిన్న మంటలు పెట్టేవాళ్ళు. 'తరగు బెంకి' అంటారు. రాలుటాకు మంట. మోకాలెత్తు కూడా లేవదు, గడ్డి మొలిపించి ఆరిపోతుంది. 1974లో ఆ అడవి అభయారణ్యం అయ్యాక మంటలు నేరం అయ్యాయి. వినడానికి న్యాయంగానే ఉంది కదా, అడవికి నిప్పు పెట్టనిస్తారా ఎవరైనా? ఏళ్ళు గడిచేసరికి అడవి కింద లంటానా కంప దట్టంగా అల్లుకుంది. ఉసిరి చెట్ల మీద బదనిక పట్టి చెట్లను పీల్చేసింది. చిన్న మంటలు ఆపినందువల్లే ఇదంతా అని సోలిగలు అంటూ వచ్చారు. పరిశోధకులు వాళ్ళతో కలిసి పనిచేసి ఆ మాటను పట్టించుకోదగ్గదిగా రాశారు. 2011లో సోలిగలకు ఆ టైగర్ రిజర్వులోనే సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. పులుల అడవిలో మనుషులకు హక్కు ఇస్తే పులులు పోతాయనే భయానికి ఆ కొండలు ఒక జవాబు. అయినా తరగు బెంకి మాత్రం ఇంకా నేరమే. పిల్లలకు ఆ మంట గురించి చెప్పగలరు, పెట్టి చూపించలేరు. పిండి కలపకుండా దోసె పొయ్యడం నేర్పినట్టే ఉంటుంది.

హక్కు ఇస్తే ఏం జరుగుతుందో చూడాలంటే మన సరిహద్దు దాటితే చాలు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గోండుల ఊరు. 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు పత్రం చేతికొచ్చింది. కానీ వెదురు గడ్డి జాతా, కలపా అనే పేచీ తేలక, హక్కు ఉన్నా వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ దొరకలేదు. 2011 ఏప్రిల్‌లో కేంద్రమంత్రి స్వయంగా వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టాల్సొచ్చింది. అప్పటినుంచి ఏ అడవి ముక్కలో ఎంత కొయ్యాలో, దేన్ని వదలాలో గ్రామసభ తేల్చుకుంటుంది. అంటే నా పెద్దమ్మ పొద్దున గుంత లెక్క, ఊరంత పెద్దదిగా. అక్కడా తగాదాలున్నాయి, అన్ని ఊళ్ళూ మెండా కాలేదు. కానీ కాగితం చేతిలో ఉన్నవాడు తగాదా పడి తేల్చుకోగలడు. కాగితం లేనివాడు రాత్రికి రాత్రి పీక్కుపోతాడు.

మన వాళ్ళకు చెంచులతో చుట్టరికం మాత్రం గట్టిదే, దేవుళ్ళ వరకు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడి వాళ్ళ ఇంటి అల్లుడయ్యాడు. కనుమ నాడు పారువేట మొదలై స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి మరీ అల్లుణ్ణి సాగనంపుతారు. శ్రీశైలంలో మల్లయ్య కూడా చెంచు మల్లయ్యే. సలేశ్వరం జాతరకు చైత్ర పౌర్ణమి రోజుల్లో జనం లోయలోకి దిగుతూ "వస్తున్నాం లింగమయ్యా" అని అరుస్తారు. అక్కడ పూజారులు చెంచులే. దేవుడికి పిల్లనిచ్చినవాళ్ళ అడవి ఇది అని మనమే కథ కట్టాం, మనమే పాడుకుంటాం. రికార్డుల్లో మాత్రం ఆ మామగారు ఆక్రమణదారు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు 64 వేల పైచిలుకు. మా డివిజన్లో ఒక మోస్తరు పట్టణమంత. ఇంత చిన్న మందికి వాళ్ళ చెట్లు వాళ్ళకు రాసిచ్చినంత మాత్రాన నల్లమల ఎక్కడికీ పోదు. అయినా ఆ పని చెయ్యడం కంటే వాళ్ళ మందుమొక్కల జాబితా రాయడం మనకు సుళువు. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ ఒక రిజిస్టరు ఉండాలి. మంచిదే. ఏ ఆకు దేనికి, ఏ వేరు ఎప్పుడు అని రాసుకుంటారు. 2023లో ఆ చట్టానికి సవరణ వచ్చి, గ్రంథాలకెక్కిన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకుంటే వాటా ఇచ్చే బాధ్యత ఉండదన్నారు. అంటే రాసుకోకపోతే ఆ విజ్ఞానం లెక్కలోకి రాదు, గ్రంథానికెక్కితే దానికి వాటా రాదు. ఈ లెక్క మా నాన్న త్రాసు కంటే నయమేం కాదు.

ఆ గూడెంలో రెండో రాత్రి నిద్రపట్టలేదు. మోకాలికి పెద్దమ్మ ఏదో ఆకు వెచ్చచేసి కట్టింది. ఏ ఆకో అడిగితే చెప్పింది. పేరు రాసుకుందామని ఫోన్ తీశాను, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నాకెందుకు ఆ పేరు? నేను ఆ ఆకు కోసుకోవడానికి రాను. రాసుకుంటే ఎక్కడో ఒకచోట పెడతాను. పెడితే బండి ఎక్కుతుంది.

తెల్లవారుతుండగా ట్రాక్టర్ ఒకటి దారిలోకి వచ్చిందని, అందులో ఎక్కించి పంపిస్తామని కబురొచ్చింది. చెప్పులేసుకుని గుడిసె వెనకనుంచి అడ్డదారిన బయల్దేరాను. అక్కడ ముళ్ళకంప నాలుగు వైపులా గుచ్చి, మధ్యలో చేటంత జాగా చేసి, తడిమట్టి పోసి ఉంది. కంప కనపడక ఒక పక్క తొక్కేశాను.

"కాలు తియ్, చిన్న శెట్టీ!" పెద్దమ్మ కేక.

ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. ఆమె వచ్చి వంగి, నేను తొక్కినచోట మట్టిని వేళ్ళతో సర్ది, వంగిపోయిన చిన్న తీగను కంపకు ఆనించింది. మట్టి కింద వేరు నలిగి వాసన వస్తోంది. వెనిల్లా.

"మారేడా?" అన్నాను.

"తల" అంది. "నిన్న తెచ్చినవాట్లో రొండు దాసిపెట్నా. ఈడ ఎవుడూ పీకడు."

ట్రాక్టరు హారన్ కొట్టింది.